గుత్తేదారు రుమాలు

ఆ ఏడు శివరాత్రి వెళ్ళిన వారంలోనే రాజేందర్ సేటు మా కొడుకు అంజిలయ్య తలకు రుమాలు కట్టాడు. గని చుట్టూ నిలబడ్డవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కుడికన్ను అదిరింది. నీకు ఎప్పుడు అదరదో చెప్పు, అంటాడు మా ఆయన. అదీ నిజమే.

మాది తాండూరుకు నడిచి పోయేంత దూరంలో ఊరు. మా దిక్కు ఇంటి గోడలు, కప్పులు, బర్లు నీళ్ళు తాగే తొట్లు, ఆఖరుకు సమాధులు కూడా నాపరాయివే. ఊరికి పడమట సేటు గని. వానాకాలం నీళ్ళు గుంటలో నిలిచి ఉండేవి. శివరాత్రికి ఇంజను పెట్టి తోడించి, మొదటి పొర విప్పేవారు. ఆ పొరలో లేచిన తొలి బండ మీద కొబ్బరికాయ కొట్టే మనిషికి సేటు తన చేత్తో రుమాలు కట్టాలి. ఎప్పటినుంచో ఉన్న రివాజు అది. కట్టించుకున్నవాడిని ఆ ఎండాకాలమంతా గుత్తేదారు అని పిలుస్తారు. పని మాత్రం ఏమీ మారదు. అంగడినాడు కూలి పైసలు సేటు అతని చేతిలో పోస్తాడు, అతను తక్కినవాళ్ళకు పంచుతాడు, అంతే. గుంటలో అతనూ దిగాలి, గడ్డపార పట్టాలి, అందరితో సమానంగా తీసుకోవాలి. రుమాలుకని ఒక బీడీ కట్ట ఎక్కువ.

అంతకు ముందు ఏడు రుమాలు బాలప్పది. అతను ఆ గుంటలోనే వెంట్రుకలు నెరిసినవాడు. ఈసారి కూడా సేటు రుమాలు విప్పుకుంటూ అతని వైపే నడిచాడు. బాలప్ప రెండు చేతులూ జోడించాడు.

"నా నెత్తికి బరువైతుంది సేటూ. పడుసు పిలగాండ్లకు కట్టు."

"బండలెత్తేటోనివి, నీకు రుమాలు బరువైతుందారా?" సేటు నవ్వాడు. అందరూ నవ్వారు. "సరే తియ్. అంజిలయ్యా, ఇటు రా."

మావాడు పెండ్లికొడుకులా తల వంచాడు. పక్కనే ఉన్న మునీరు, "గుత్తేదార్ సాబ్, సలాం!" అని నేలదాకా వంగి అందరినీ మళ్ళీ నవ్వించాడు. మునీరు మా పక్కింటి అలీమాబీ కొడుకు. వాడూ మావాడూ కాగ్నా వాగులో కలిసి ఈత నేర్చినవాళ్ళు, ఒకే ఏడు గుంటలో దిగినవాళ్ళు. ఒకడికి జ్వరం వస్తే ఇంకొకడు పథ్యం తినేవాడు.

"బాలప్ప ఎందుకొద్దన్నడంటవ్?" అని తిరిగి వస్తూ మా ఆయనను అడిగాను.

మా ఆయన దేవప్ప గొర్రెలు కాస్తాడు. మనుషులతో కన్నా వాటితోనే ఎక్కువ మాట్లాడతాడు. "ముసలోడైండు, వద్దన్నడు," అన్నాడు. "నీకు పొద్దున లేస్తే భయపడనీకి ఏదో ఒకటి కావాలె."

నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. పేపరు కూడబలుక్కుని చదవగలను. నా ఖర్మ ఏమిటంటే, అందులో గని కూలింది, బస్సు బోల్తా పడింది, పిడుగు పడింది అనే అక్షరాలే ముందుగా నా కంట్లో పడతాయి. అందుకని మధ్యాహ్నం కాగానే సద్ది మూట పట్టుకుని గని ఒడ్డుకు పోయేదాన్ని. వాడు తినడానికని చెప్పేదాన్ని. నిజానికి వాడి తల కదులుతున్నదా లేదా పైనుంచి చూసుకోవడానికి.

"గుత్తేదారు తల్లివి, జర ఇంటికాడ కూసోరాదే అవ్వా," అని విసుక్కునేవాడు. "నేను పొద్దున్నే తెచ్చుకుంట. అందరు నవ్వుతున్నరు."

"నవ్వనీరా. నవ్వితే ఎవ్వరు సావరు."

ఉగాది దగ్గరపడ్డప్పుడు ఒకనాడు నేను కందులు చెరుగుతుంటే అలీమాబీ గోడ అవతలి నుంచి పిలిచింది. గొంతు మారిపోయి ఉంది.

"అక్కా! దిల్షాద్‌కు నొప్పులు షురూ అయినయి. మంత్రసాని నాతోని కాదు, తాండూరు దవాఖానకు తోల్కపొమ్మంటున్నది. జర మునీరును పిలిపించు అక్కా, నీ కాళ్ళు మొక్కుత."

చాట అక్కడే పడేసి ఉరికాను. మునీరు భార్యకు అది తొలి కాన్పు. దారిపొడుగునా నా మనసు ఎక్కడెక్కడికి పోయిందో చెప్పను. గని ఒడ్డున నిలబడి అరిచాను.

"అంజీ! మునీరును పంపు బిడ్డా, దిల్షాద్‌కు నొప్పులొచ్చినయి!"

గుంటలో మునీరు గడ్డపార ఆపి మావాడి ముఖంలోకి చూశాడు. మావాడు పైకి, సేటు కూర్చునే పందిరి వైపు చూశాడు.

"నాతోని కాదవ్వా. సేటునడుగు. లారీ నిండాలె ఇయ్యాల."

పందిరి కిందికి పోయి సేటుకు చెప్పుకున్నాను. చాయ్ తాగుతున్నాడు. విని, కప్పు కింద పెట్టి, తానే లేచి ఒడ్డుకు వచ్చాడు.

"మునీర్! పో. ఒక్క పూట. పొద్దుగూకెటాల్లకు బండకాడ కనవడాలె. లేకుంటె రేపటి సంది రాకు." అని, మళ్ళీ నవ్వి, "కొడుకు పుడితె నాకు మిఠాయి. బిడ్డ పుడితె రెండింతల మిఠాయి. ఇనవడ్డదా?" అన్నాడు.

బిడ్డ పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. మర్నాడు నేను సద్ది తీసుకుపోయేసరికి మునీరు తాండూరు బజారులో కొన్న బాదుషాల పొట్లం విప్పి సేటు ముందు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సేటు ఒకటి తీసుకుని తిన్నాడు. వేళ్ళు తుడుచుకుంటూ, "నెయ్యి తక్కువైందిరా, పిసినారి తండ్రివి," అన్నాడు. నాకూ ఒకటి దొరికింది. సేటు చెడ్డవాడని నాకు ఆనాడు అనిపించలేదు. ఇవాళ కూడా ఆ మాట గట్టిగా అనలేను.

బండ పడింది వైశాఖంలో.

ఎవరో మా వాడకట్టులో నుంచి అరుచుకుంటూ పోయారు, గనిలో బండ జారిందని. ఎవరి మీదనో చెప్పలేదు. నేను ఎప్పుడు లేచానో, చెప్పులు లేని కాళ్ళతో ఆ ఎండలో ఎట్లా ఉరికానో తెలియదు. ఇన్నేళ్ళుగా రోజుకొకసారి నేను మనసులో చూసుకున్నదే ఇది. చూసుకున్నందుకైనా కొంచెం ధైర్యం ఉండాలి కదా. ఏమీ లేదు.

ఒడ్డుకు చేరి చూస్తే మావాడు గుంటలో మోకాళ్ళ మీద ఉన్నాడు. నెత్తిన రుమాలు లేదు. తల పగిలిందనుకున్నాను. బండలు పట్టుకుని దిగి, వాడి తల రెండు చేతులతో తడిమాను. నెత్తురు లేదు. "నా కొడుకు బతికిండు! నా కొడుకుకు ఏం గాలే!" అని గట్టిగా అనేశాను.

అప్పుడు చూశాను మునీరును. పైకి లేపిన బండకు ఊతంగా పెట్టిన రాయి జారిందట. బండ అంచు వాడి కుడికాలి మీద పడింది. అందరూ గడ్డపారలు వేసి లేపేసరికి పిక్క కింద కాలన్నది లేదు. మావాడు తన రుమాలు విప్పి తొడకు బిగించి కట్టి, ముడి వదలకుండా పట్టుకుని ఉన్నాడు. రుమాలు తెల్లదని చెబితే ఎవరూ నమ్మరు.

వెనక అలీమాబీ నిలబడి ఉంది. నేను అన్న మాట ఆమె విన్నది.

సేటు తన లారీలోనే తాండూరుకు పంపాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అక్కడినుంచి పట్నం ఉస్మానియాకు. మోకాలి కింద కాలు తీసేశారు. మునీరు చంక కర్రలతో ఊళ్ళోకి వచ్చిననాడు పిల్లలంతా వెంట నడిచారు, మునీరే వాళ్ళతో పందెం వేసి నవ్వించాడు. ఇంట్లోకి పోయాక వాడి గొంతు వినబడలేదు. గోడకు ఇవతల నేను చాలాసేపు చెవి పెట్టుకుని నిలబడ్డాను.

ఆసుపత్రి ఖర్చుకు సేటు కొంత ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. అప్పుడు తాండూరులో హమాలీ సంఘంలో తిరిగే యోహాను వచ్చి, పనిలో దెబ్బ తగిలితే యజమాని నష్టపరిహారం కట్టాలని చట్టముందని చెప్పి, మునీరు చేత లేబరు ఆఫీసులో దరఖాస్తు పెట్టించాడు. నాకు సంతోషమే అయింది. పాపపు మాట అన్నదాన్ని, ఆ పిల్లగాడికి ఏదో ఒక దారి దొరికితే బాగుండునని మొక్కుకుంటూనే ఉన్నాను.

మృగశిర ఇంకా రాలేదు. ఒక పొద్దు యోహాను మా ఇంటికి వచ్చాడు. మా ఇంటికి! అలీమాబీ ఇంటికి రావలసినవాడు దారి తప్పాడేమో అనుకున్నాను.

"కూసో అన్నా. మునీరు పక్కింట్లున్నడు."

"మీ ఇంటికే వచ్చిన హన్మమ్మా. అంజిలయ్య ఉన్నడా?"

మావాడు బయటికి వచ్చాడు. మా ఆయన దొడ్డిలో గొర్రెపిల్లకు పాలు తాపుతూ అట్లాగే తల తిప్పాడు.

"సేటు జవాబిచ్చిండు ఆఫీసుకు," అన్నాడు యోహాను. "మునీరు నా మనిషి కాదన్నడు. నేను గుత్తకిచ్చిన, గుత్తేదారు అంజిలయ్య, కూలోండ్లను పెట్టుకున్నది ఆయనే, ఏమైనా కట్టేది ఉంటే ఆయనే కట్టాలె అన్నడు. ఊరందరి ముంగట రుమాలు కట్టిన, అడగండి అన్నడు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమయ్యాక, కాకపోయి ఉంటే బాగుండేది.

"మావోడు మునీరుకు యజమానా?" అన్నాను. "ఇద్దరు ఒక్క గుంటలనే చాకిరి చేసి సచ్చిన్రు గదన్నా! బీడీ కట్ట ఇచ్చిండని సేటైతడా?"

"గదే తేల్చాలె ఆఫీసరు. అంజిలయ్య కూలోడా, గుత్తేదారా. కూలోడని తేలితే ఇద్దరు సేటు మనుషులే, సేటు కడుతడు. గుత్తేదారని తేలితే, ముందుగాల సేటుతోని కట్టిచ్చినా, సేటు మల్ల మీ మీద పడి వసూలు చేసుకుంటడు."

"మాకాడ ఏమున్నది వసూలు చేసుకోనీకి?"

యోహాను చూపు దొడ్డి వైపు పోయింది. మా ఆయన గొర్రెపిల్లను ఇంకా దగ్గరకు తీసుకున్నాడు. ఆ మంద మా మామ నాటిది. అదీ, కాగ్నా దగ్గర ముక్క చెలకా, తల మీద బండల కప్పూ, అదే మా బతుకు.

ఆ సాయంత్రమే బాలప్ప ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని గోరుతో గోడ గీకుతున్నాడు.

"నువ్వెందుకొద్దన్నవ్ రుమాలు?"

"పోయినేడు గుంటల జంగప్ప వేలు నలిగింది. సేటు దగ్గరికి పోతె, నీ మనిషి, నువ్వే సూసుకో అన్నడు. మందులకు నేనే పెట్టుకున్న. గప్పుడు తెలిసింది ఆ గుడ్డకు ఎంత బరువుంటదో."

"మరి మాకు చెప్పకపోతివి!"

"చెప్తె నువ్వు నమ్ముదువు హన్మవ్వా. నీ కొడుకు నమ్మకపోవు. ఆయన మొఖం సూసినవా గానాడు, ఎట్ల వెలిగిందో?"

ఇంటికి వచ్చేసరికి అలీమాబీ మా గుమ్మంలో నిలబడి ఉంది. బండ పడ్డప్పటి నుంచి మేము ఒకరి ముఖం ఒకరం సరిగా చూసుకోలేదు.

"అక్కా," అన్నది, "నీ గొర్లను అమ్మి నా కొడుకుకు కాలు పెడ్తరంట. గట్ల వచ్చిన పైస నా ఇంట్ల ముట్ట. యోహానుకు చెప్పిన, కేసు వాపస్ తీసుకొమ్మని."

"ఆయనేమన్నడు?"

"తీసుకుంటె సేటు గెలుస్తడన్నడు." కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏం చెయ్యాల్నో సమజైతలేదక్కా. అటు పోతె నీ గొర్లు, ఇటు పోతె నా మనవరాలి పాలు."

ఇద్దరం గుమ్మంలో అట్లాగే కూర్చుండిపోయాం. ఇంట్లో దీపం పెట్టాలని కూడా తోచలేదు.

పట్నం నుంచి ఆఫీసరు వికారాబాదుకు వచ్చి బంగళాలో కూర్చుని కేసులు వింటాడట. ఆనాడు పొద్దున మావాడు తయారై బయటికి వస్తే చూసి గతుక్కుమన్నాను. నెత్తిన కొత్త రుమాలు. పాతదానికన్నా మెత్తనిది, ఎర్ర అంచు.

"ఎక్కడిదిరా?"

"సేటు పంపిండు. గుత్తేదారు బోడి నెత్తితోని పోవద్దని."

"తీసెయ్‌రా. నాకు భయమైతుంది."

"నీకు ఎప్పుడు కాదే?" అచ్చం తండ్రిలాగే అన్నాడు. కానీ నా కళ్ళలోకి చూడలేదు.

ప్యాసింజరు బండిలో అందరం ఒకే డబ్బాలో ఎక్కాం. ఎదురెదురు పార్టీలం, ఒకరి సద్ది ఒకరం తింటూ పోయాం. దిల్షాద్ ఒడిలో పిల్ల నిద్రపోతున్నది. మునీరు చంక కర్రలు పైన పెట్టి మావాడి వైపు చూశాడు.

"కొత్త రుమాలా గుత్తేదార్ సాబ్? పాతది నేనే ఖరాబ్ చేస్తిని."

ఎప్పటిలాగే నవ్వుతూ అన్నాడు. మావాడు నవ్వలేదు. ధారూరు దాటేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

బంగళా ముందు సేటు జీపు అప్పటికే నిలబడి ఉంది. చెట్ల మీదుగా అనంతగిరి గాలి చల్లగా వస్తున్నది. ఆ దిక్కు తిరిగి పద్మనాభస్వామికి మొక్కుకున్నాను. లోపల ఒక బల్ల, అవతల కళ్ళద్దాల ఆఫీసరు, ఇటు సేటు, అతని వకీలు. అటు మునీరు, యోహాను. మేము ఆడవాళ్ళం తలుపు దగ్గర నిలబడ్డాం.

మునీరు చెప్పవలసింది చెప్పాడు. సాక్షిగా వచ్చిన బాలప్ప, రుమాలు అంటే ఏమిటో, బీడీ కట్ట సంగతీ చెప్పాడు. తరువాత మావాడిని పిలిచారు. ఇప్పుడు 'నేను కూలోన్నే సారూ' అని ఒక్క మాట అంటాడు, అయిపోతుంది అనుకున్నాను.

"నువ్వు ఆ గనిలో కూలివా, గుత్తేదారువా?" అడిగాడు ఆఫీసరు.

మావాడు రుమాలు సర్దుకున్నాడు.

"గుత్తేదారును సార్."

నా పక్కన అలీమాబీ నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగిన సంగతి ఇంటికి వచ్చాక చూసుకున్నాను.

"ఆలోచించుకుని చెప్పు. పనిముట్లు ఎవరివి?"

"మావే."

"పనిలోకి ఎప్పుడు దిగాలో, ఎప్పుడు ఆపాలో ఎవరు చెబుతారు?"

"నేనే."

"ఎవరిని పెట్టుకోవాలి, ఎవరిని తీసెయ్యాలి?"

"నేనే సార్."

ఒక్కొక్క 'నేనే'కు ఒక్కొక్క గొర్రె మా దొడ్డి దాటి పోతున్నట్టు కనబడింది నాకు. మా ఆయన ముఖం చూద్దామని తిరిగితే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నా కడుపున పుట్టినవాడు, నేను రోజూ గని ఒడ్డున నిలబడి ప్రాణాలు లెక్క చూసుకున్నవాడు, వాడి నోటితోనే వాడు ఇల్లు కూలుస్తున్నాడు. మునీరు తలవంచి, లేని కాలు ఉండవలసిన చోట పంట్లాము మడత సర్దుకుంటున్నాడు.

తరువాత సేటును అడిగారు. సేటు నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు.

"నాకు బండతోని సంబంధం సార్. అంజిలయ్య బండ ఇస్తడు, నేను పైసలిస్త. గుంటల ఎవడు దిగిండు, ఎవడు ఎక్కిండు నాకేమెరుక? గీ పిలగాని మొఖం గూడ నేను ఇయ్యాలనే చూస్తున్న."

"అయ్యో, దొరా!"

అది నా గొంతే. నేను అనాలనుకుని అన్నది కాదు.

"గదేంది దొరా, బిడ్డ పుట్టిన్నాడు మునీరు తెచ్చిన బాదుషా తిన్నవు గద! నెయ్యి తక్కువైందంటివి! నేనాడనే ఉంటిని!"

వకీలు లేచాడు. "ఎవరమ్మా నువ్వు? బయటికి నడు!"

"ఉండండి," అన్నాడు ఆఫీసరు. "ఇటు రా అమ్మా. ఏం బాదుషా?"

ఆఫీసులో అరిచినందుకు జైల్లో వేస్తారనే అనుకున్నాను. అందుకే ఏదీ దాచకుండా చెప్పేశాను: చాట పడేసి ఉరికింది, ఒడ్డు మీదినుంచి అరిచింది, సేటు కప్పు పెట్టి లేచింది, ఒక్క పూట వదిలింది, పొద్దుగూకేసరికి రాకపోతే రేపటినుంచి రావద్దన్నది, బిడ్డయితే రెండింతల మిఠాయి అన్నది. తలుపు దగ్గర దిల్షాద్ పిల్లను ఎత్తి పట్టుకుని నిలబడింది, సాక్ష్యానికి పిల్లను చూపించాలేమో అన్నట్టు.

సేటు నవ్వడానికి చూశాడు. "ఆమె మాట పట్టుకోకండి సార్. అన్నిటికి భయపడుతది. దినాం కొడుకుకు సద్ది పట్టుకొని గని ఒడ్డుమీద తిరుగుతది. ఊరంత ఎరుకే."

"మీకూ బాగానే ఎరుక," అన్నాడు ఆఫీసరు. మావాడి వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "మీ అమ్మ మునీరును పంపమని ముందు నిన్నే అడిగింది కదా. నువ్వెందుకు పంపలేదు?"

"సేటునడగకుంట నేనెట్ల పంపుత సార్?"

అడిగిన వెంటనే అన్నాడు, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు. అన్న తరువాత వాడి చెయ్యి రుమాలు దాకా పోయి అక్కడే ఆగింది. ఆఫీసరు తలవంచి రాసుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు రాశాడు.

స్టేషనులో బండి కోసం నిలబడ్డప్పుడు మావాడు అన్నాడు.

"నలుగురి ముంగట నన్ను కూలోన్ని చేసినవు."

"కూలోనివే గదరా."

"గుత్తేదారునంటే సాలు, నీ మీద పైస పడనియ్యనన్నడు సేటు. మునీరును నేనే సూసుకుంట అన్నడు. వచ్చేయేడు పాలిష్ మిషిను నాకే అప్పజెప్త అన్నడు. అన్ని నువ్వే చెడగొట్టినవ్."

"నిజంగ గట్లనే చేస్తడనుకున్నవారా?"

మునీరు కొంచెం దూరంలో, చంక కర్రల మీద వాలి నిలబడి ఉన్నాడు. మావాడు అటు చూసి, పోయి బల్ల మీద కూర్చున్నాడు. మా ఆయన మాత్రం వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "బాదుషా ఎట్లుండె?" అని అడిగాడు. ముప్పై ఏండ్ల కాపురంలో ఆయన నాతో అన్న మంచి మాటల్లో అదొకటి.

ఆర్డరు వచ్చేసరికి వానలు పడి గని గుంట మళ్ళీ నిండింది. అంజిలయ్య కూలీయే, మునీరూ కూలీయే, ఇద్దరికీ యజమాని సేటే అని రాశారట. యోహాను చదివి వినిపించాడు. సేటు పై కోర్టుకు పోయాడు, తిరిగాడు, ఆఖరుకు కట్టాడు. అలీమాబీ ఆ పైసలతో బజారులో కొడుకుకు చిన్న దుకాణం పెట్టించింది. మా గొర్రెలు మా దొడ్డిలోనే ఉన్నాయి. మావాడిని మాత్రం ఆ గనిలోకి మళ్ళీ రానియ్యలేదు, తక్కిన గనుల వాళ్ళు కూడా పేరు అడిగి, తల అడ్డంగా ఊపారు. తండ్రి వెంట మందతో పోవడం మొదలుపెట్టాడు.

నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, కంచం కడిగి పెట్టేవాడు. రోజూ గని ఒడ్డుకు పోయేదాన్ని కదా, ఇప్పుడు ఎక్కడికి పోవాలో తెలియక చెలక గట్టు దాకా పోయి, దూరం నుంచి వాడి తల చూసుకుని వచ్చేదాన్ని. బోడి తల. ఆ కొత్త రుమాలు ఏమయిందో అడగడానికి ధైర్యం చాలలేదు. కోపంతో కాల్చేశాడేమో, మళ్ళీ సేటు దగ్గరికి పోవడానికి దాచుకున్నాడేమో అని ఇంట్లో లేనప్పుడు పెట్టె వెతికాను. లేదు.

ఒకనాడు చింతపండు కోసం మునీరు దుకాణానికి పోయాను. వాడు లేచి నిలబడటానికి చంక కర్ర అందుకున్నాడు. కర్ర పై కొసన, చంక ఆనుకునే చోట, గుడ్డ ఒత్తుగా చుట్టి, నులక తాడుతో గట్టిగా బిగించి ముడేసి ఉంది. గుడ్డకు ఎర్ర అంచు.

ఆ ముడి నాకు తెలుసు. ఆనాడు గుంటలో మావాడు వేసి, వదలకుండా పట్టుకున్న ముడి అదే.

"ఏంది పెద్దమ్మా, గట్ల చూస్తున్నవ్?" అన్నాడు మునీరు. "మొన్న మీవోడే వచ్చి కట్టిండు. నాకు చంకల ఒరుసుకపోయి పుండైతుంటె. ఇప్పుడు మస్తు మెత్తగున్నది."

చింతపండు తీసుకుని, పైసలు అక్కడ పెట్టి ఇంటిదారి పట్టాను. నడుస్తూ ఉంటే మనసు తేలికయింది. కానీ సగం దారిలో నిలబడిపోయాను. ఆ ఎర్ర అంచు కొత్తది, చెమటకు రంగు దిగుతుందేమో, అసలే పచ్చి పుండు, రంగు పడితే చీము పడుతుందేమో.

వెనక్కి తిరిగాను.